ఉగాది తర్వాతి ఆదివారం

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. ఎవరు డాక్టరు కావాలో, ఎవరు నర్సు కావాలో కాగితం మీద రాసిన మనిషిని. రాయగడలో ఒక దాతల ట్రస్టులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో చదవాలని ఉండీ స్తోమత లేని పిల్లల్ని వెతకడం, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి నివేదిక రాయడం, ఇంటర్వ్యూకి పిలవడం, ఎంపికైనవాళ్ళని నర్సింగ్ స్కూల్లోనో ఫార్మసీలోనో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో, ఎప్పుడైనా ఒకసారి మెడికల్ కాలేజీలోనో చేర్పించడం నా పని. చదువు పూర్తయ్యేదాకా ఫీజు, హాస్టలు, పుస్తకాలు, బట్టలు అన్నీ ట్రస్టు చూసుకునేది.

ఇప్పుడు ఇలాంటి సంస్థలు చాలా వచ్చాయి. పెద్ద చదువులు చదివిన అబ్బాయిలు, అమ్మాయిలు వీటిలో ఉద్యోగాలకు చేరుతున్నారు. ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి, మీ అనుభవం చెప్పండి అని అడిగారు. నోటితో చెబితే గొప్పలు చెప్పుకుంటానని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు మనిషి కాస్త నిజానికి దగ్గరగా ఉంటాడు.

సావుకారు గారు

ట్రస్టు పెట్టినాయన వెంకటరత్నం సావుకారు. చింతపండు టోకు వ్యాపారం. వాళ్ళ తాతగారు విజయనగరం వైపు నుంచి వచ్చి రాయగడలో కొట్టు పెట్టారు. కింద గోదాము, పైన ట్రస్టు ఆఫీసు. నా నివేదికలన్నింటికీ చింతపండు వాసన ఉండేది.

ఆయన ఈ పనికి ఎందుకు దిగారో నేను చేరిన రోజునే చెప్పారు. "బయట్నించొచ్చిన డాక్టరు ఇక్కడుండడయ్యా. దిగిన రోజే బదిలీకి అర్జీ ఎడతాడు. ఇక్కడ పుట్టినోడ్ని డాక్టర్ని సేస్తే ఇంకెక్కడికి పోతాడు?"

ఆ మాట సగమే నిజమైంది. మా మొదటి డాక్టరు గుణుపురం దగ్గర రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. ఐదేళ్ళు ఈ జిల్లాల్లోనే పనిచేస్తానని బాండు రాసిచ్చాడు. రెండో ఏడు పూర్తికాకుండానే పెద్ద నగరంలో ఉద్యోగం చూసుకుని, వదిలిపెట్టమని అడగడానికి వచ్చాడు. కోర్టుకు వెళ్దామని నేను అన్నాను. సావుకారు గారు ఒప్పుకోలేదు.

"కట్టేసిన గొడ్డు పాలిస్తాది గానీ, కట్టేసిన మనిసి వైద్యం సేస్తాడేటి? పోనీ."

కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. బాండు కాగితం ఎవర్నీ ఆపదు. తిరిగి వచ్చేవాళ్ళని ముందే గుర్తుపట్టడమే అసలు పని. అది ఇంటర్వ్యూ బల్ల దగ్గర సగం, ఆ పిల్ల ఇంటి వాకిట్లో సగం జరుగుతుంది.

ఇంటర్వ్యూలో ఆయన అందరినీ ఒకటే ప్రశ్న అడిగేవారు. "మీ ఊర్లో జొరమొస్తే ముందు ఎవులి దగ్గిరికెల్తారు?" ఆస్పత్రికి అని టక్కున చెప్పినవాళ్ళని ఆయన నమ్మేవారు కాదు. ముందు మా ఊరి మంత్రగాడి దగ్గరికి, తగ్గకపోతే మందుల కొట్టుకి, ఆ తర్వాతే ఆస్పత్రికి అన్నవాళ్ళ పేరు పక్కన గీత పెట్టేవారు. "ఊరి గురించి అబద్దం సెప్పినోడు రేపు రోగితో నిజం సెప్తాడేటి?" అనేవారు. చింతపండు బస్తాలోకి చెయ్యి పెట్టి అడుగు సరుకు చూసే అలవాటు ఆయనది. మనుషుల్నీ అలాగే చూసేవారు.

లైబ్రరీ

నేను పదో తరగతితో ఆగిపోయాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపురంలో సేద్యం చేసుకునే కుటుంబం మాది. అన్నదమ్ముల్లో చిన్నవాణ్ణి, పొలం నలుగురికి చాలదని రాయగడ వచ్చి ఒక కొట్లో గుమాస్తాగా చేరాను. స్టేషను రోడ్డులో చిన్న తెలుగు గ్రంథాలయం ఉండేది. సాయంత్రం కొట్టు కట్టేశాక అక్కడ కూర్చునేవాణ్ణి. కథలతో మొదలై చరిత్ర, వైద్యం, కొండజాతుల జీవనం దాకా బీరువా తర్వాత బీరువా చదివాను. ఒడియా లిపి అక్కడే నేర్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషూ అక్కడే నేర్చుకున్నాను. నచ్చిన సంగతులన్నీ నోటుపుస్తకాల్లో ఎక్కించేవాణ్ణి. అలాంటివి ఇప్పటికీ ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి.

సావుకారు గారు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆ చదువు చూసే. ఆయన నన్ను పేరుతో పిలిచింది తక్కువ. "ఏటయ్యా లైబ్రరీ" అనేవారు. ఆ పిలుపు నాకు బిరుదులా ఉండేది. దస్తూరి మీద కూడా నాకు గర్వం. నివేదికలో ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసేవాణ్ణి. ముందు మనసులో వాక్యం పూర్తిగా కట్టుకుని, తర్వాతే కలం పెట్టేవాణ్ణి. ఆ అలవాటు మంచిదేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

కకిరిగుమ్మ ప్లాట్‌ఫారం మీద

నేను చేసిన తప్పు సంగతికి వచ్చేముందు, పుస్తకాల్లో దొరకని ఒక పాఠం చెప్పాలి.

కకిరిగుమ్మ దగ్గర నుంచి పద్మ అనే పిల్లని కోస్తా వైపు ఒక నర్సింగ్ స్కూల్లో చేర్పించాం. మార్కులు బాగున్నాయి, ఆరోగ్యం బాగుంది, ఇంట్లో వాళ్ళ ఒప్పుదల ఉంది. మూడు నెలలకు స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది, పిల్ల చెప్పకుండా వెళ్ళిపోయిందని. కోపంగా రైలెక్కి కకిరిగుమ్మలో దిగాను. పిల్ల ప్లాట్‌ఫారం మీదే ఉంది, తల్లి పక్కన కూర్చుని సీతాఫలాలు అమ్ముతూ.

"ఏమ్మీ, ఏటైంది? తిండి బాగోలేదా?"

"బాగానే ఉంది బాబూ."

"సదువు కష్టంగా ఉందా?"

"నేదు."

"మరేటి? ఎవులైనా ఏటైనా అన్నారా?"

కాసేపు పళ్ళు సర్దింది. "రేతిరి నిద్దట్లో మా దేశియా బాస మాటాడతన్నానంట. పొద్దున లేసి అందరూ నాలాగే మాటాడి నవ్వుతారు. మెలకువగా ఉన్నప్పుడు నోరు మూసుకుంటాను గానీ, నిద్దట్లో ఎలా మూసుకుంతాను?"

తిరిగి వచ్చి సావుకారు గారికి చెబితే, "ఒక్క ఎద్దుని కట్టి బండి తోల్తే ఏటవుద్ది?" అన్నారు. మరుసటి ఏడు అదే స్కూలుకి, అదే భాష మాట్లాడే ఇంకో పిల్లని జతచేసి పద్మని పంపాం. ఇద్దరూ చదువు పూర్తి చేశారు. అప్పటి నుంచి కొండవైపు పిల్లల్ని ఎప్పుడూ జంటగానే పంపాం.

ఈ కథ నేను చాలా సభల్లో చెప్పాను. చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఆదివారం

మా ట్రస్టులో ఇంటర్వ్యూలు ఏటా ఉగాది తర్వాత వచ్చే ఆదివారం జరిగేవి. దాతలంతా తెలుగు వ్యాపారులే. పంచాంగ శ్రవణం అయ్యాక, కొత్త ఏడాదిలో మొదటి మంచి పనిగా పిల్లల ఎంపిక జరగాలని వాళ్ళ కోరిక. పండక్కి అందరూ ఊళ్ళోనే ఉంటారు కూడా. ఆ ఆదివారం గోదాముకు మామిడాకులు కట్టేవారు. వచ్చిన పిల్లలకు పులిహోర పెట్టేవారు. నర్సింగ్ స్కూళ్ళకు జాబితా ముందుగా పంపితే సీట్లు అట్టిపెడతారు కాబట్టి ఆ రోజు దాటనిచ్చేవాళ్ళం కాదు.

బల్లకు ఇటువైపు ముగ్గురం. సావుకారు గారు, రిటైరైన సర్జన్ ఒకాయన, రాతపనికి నేను. సర్జన్ గారు కటక్ వైపు మనిషి, నిక్కచ్చి మనిషి.

ఏటా ఒకటే జరిగేది. పట్నం పిల్లలు, గుణుపురం వైపు రైతుల పిల్లలు తెల్లారేసరికి మెట్ల మీద ఉండేవారు. నారాయణపట్న, బంధుగాం కొండల నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళలో సగం మంది కూడా వచ్చేవారు కాదు. పేరు మూడుసార్లు పిలిచి రిజిస్టరులో 'రాలేదు' అని రాసేవాణ్ణి. ఇంటర్వ్యూకే రానివాళ్ళు డ్యూటీకి ఏం వస్తారని సర్జన్ గారు హిందీలో అనేవారు. ఆ మాట సబబుగానే ఉందనిపించేది. ఎందుకు రావడం లేదని ముగ్గురిలో ఎవరం అడగలేదు.

మిగతా ఇద్దరికీ తెలియదు. నాకు మాత్రం తెలిసి ఉండాల్సింది.

జమున

ఒక ఫాల్గుణమాసంలో జమున ఇంటికి వెళ్ళాను. బంధుగాంలో బస్సు దిగి, కొండదారిలో గంటన్నర నడక. కోందు గిరిజనుల ఊరు. అంతకు ముందటి ఏడే ప్లస్ టూ సైన్సు పాసై ఇంట్లో ఉంది. నేను వెళ్ళేసరికి వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. పార్వతీపురం సంతకు వెళ్ళివచ్చే ఊరు కావడంతో తెలుగు బాగానే మాట్లాడుతుంది. తండ్రి ఆ ఊరి జాని. పూజలు చేసి, ఏటా విత్తనాలు దేవతకు చూపించి ఊరికి పంచే మనిషి.

ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ ఒకటి రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి, పుస్తకాల్లోంచి.

"మనిషి ఒంట్లో ఎముకలెన్ని అమ్మీ?"

"రెండొందల ఆరు. పుట్టినప్పుడు ఎక్కువుంతాయి. ఎదిగీకొద్దీ అతుక్కుపోతాయి."

రెండో ముక్క నాకు తెలియదు. తల ఊపాను. రాయగడ వచ్చాక లైబ్రరీలో చూసి నిజమేనని తెలుసుకున్నాను.

"పుట్టీటప్పుడు మీరెప్పుడైనా సూసేరా బాబూ?" అని అడిగింది.

"నేదు."

"నేను సూసేను. మా అత్త పురుళ్ళు పోస్తాది. పదో తరగతి నించి నేనే ఎనకాల ఉంతన్నాను." పూలు రెండు చేతులతో నెరుపుతూ చెప్పింది. "బిడ్డ వచ్చేసినా ఒక్కోపాలి మాయ పడదు. అప్పుడేటి సెయ్యాలో మా అత్తకి తెల్సు. ఎందుకు పడదో తెల్దు. నాకు ఎందుకో తెలియాలి."

ఇరవై ఆరేళ్ళలో ఎన్ని వందల మందిని అడిగానో, నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావని. సేవ చెయ్యాలని, పేదలకు సాయపడాలని, అమ్మానాన్నల కోరిక అని చెప్పారు. తెలుసుకోవాలని చెప్పిన పిల్ల ఆమె ఒక్కతే. అక్కడే మెట్టు మీద కూర్చుని నివేదిక రాశాను, ఈ పిల్లకు ఇవ్వకపోతే మన ట్రస్టు ఉండీ లేనట్టే అని.

లేచేముందు ఇంటర్వ్యూ రోజు చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఆ వారం మాకు పరబు బాబూ. చైత్ర పరబు. మగోలు అడివికి ఏటకెల్తారు. ఏటకెల్లినోలు తిరిగొచ్చీదాకా జానింటోలు పొలిమేర దాటకూడదు. మూడ్రోజులు అటుగా పెట్టుకోరా?"

"కుదరదు అమ్మీ."

"నేను దాటితే, రేపు వాన రాపోతే ఊరంతా మా అయ్యనడుగుద్ది."

"పండగ ఏటేటా వస్తాది అమ్మీ. సీటు ఏటేటా రాదు."

ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. కొండ దిగుతూ మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. బస్సులో పక్కనున్నాయనకు కూడా చెప్పాను.

కానీ అంతకుముందే, నేను ఇంకా వాకిట్లో ఉండగానే, ఆమె తండ్రి నేనేమన్నానని వాళ్ళ కువి భాషలో అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన నన్ను చూసి చిన్నగా నవ్వి ఏదో అన్నాడు.

"ఏటంటన్నాడు మీ అయ్య?"

ఆమె తటపటాయించింది. "మీకు పండగల్లేవా అని అడుగుతన్నాడు."

"ఎందుకు లేవు, ఉన్నాయి" అన్నాను. ఆ ఆదివారం పెట్టుకున్నది మా పండగ కోసమేనన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

బుధవారం

ఆదివారం జమున పేరు మూడుసార్లు పిలిచాను. సర్జన్ గారు తన మాట తాను అన్నారు. సావుకారు గారు నా వైపు తిరిగారు.

"ఏటయ్యా లైబ్రరీ, నువ్వు అంత గొప్పగా రాసిన పిల్లే కదా?"

అప్పుడు చెప్పవచ్చు, వాళ్ళ ఊళ్ళో పరబు జరుగుతోందని, మూడు రోజులు గడువు అడిగిందని. చెబితే, మరి ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అంత పొగిడి రాసినందుకు అప్పటికే నా చెవులు వేడెక్కి ఉన్నాయి.

"రాలేదండీ" అన్నాను. అంతే.

నివేదికలో చివర 'తుది అభిప్రాయం' అని ఒక గడి ఉంటుంది. ఇంటర్వ్యూ అయ్యాక దాన్ని నింపాలి. అందులో 'ఆసక్తి లేదు' అని రాశాను. గుండ్రటి అక్షరాలు.

బుధవారం ఉదయం జమున, తండ్రి మెట్లెక్కి వచ్చారు. ఇద్దరి కాళ్ళూ మోకాళ్ళ దాకా దుమ్ము. ఆమె చేతిలో పాలిథిన్ కవరు, అందులో సర్టిఫికెట్లు.

"ఏట అయిపోయింది బాబూ. నిన్న మాపిటేల తిరిగొచ్చేరు. తెల్లారగట్ల బయల్దేరీసి తొలి బస్సు పట్టుకున్నాం."

"జాబితా అయిపోయిందమ్మీ" అన్నాను.

జాబితా నా బల్ల సొరుగులో ఉంది. రాయడం అయితే అయిపోయింది. కానీ సావుకారు గారు ఏ మంచి కాగితం మీదైనా లక్ష్మీవారం నాడే సంతకం చేస్తారు. అది మర్నాడు. ఆయన కింద గోదాములోనే ఉన్నారు. తూకం వేసేవాళ్ళని కేకలేస్తున్న గొంతు మా ముగ్గురికీ వినపడుతోంది. మెట్ల దగ్గరికి వెళ్ళి ఒక్క కేక వేస్తే పైకి వచ్చేవారు.

ఎందుకు వెయ్యలేదని ఈ రోజుకీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. ఆమె అంటే నాకు కోపం లేదు. ఏ పట్నం పిల్లకో ఆ సీటు ఇప్పించాలన్న ఆలోచనా లేదు. ఆయన్ని పిలిస్తే నివేదిక బయటకు తియ్యాలి. 'ఆసక్తి లేదు' అని రాసినదాన్ని, జిల్లా దాటి దుమ్ము కాళ్ళతో వచ్చి నిలబడిన పిల్ల ఎదురుగా కొట్టెయ్యాలి. అప్పటిదాకా నా నివేదికల్లో ఒక్క కొట్టివేత లేదు. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండును. వెతికాను, లేదు.

ఆమె బల్ల వైపు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ కాసేపు నిలబడింది. తండ్రి ఏదో అడిగాడు. ఒకే ఒక్క మాటలో జవాబిచ్చింది. టీ తాగి వెళ్ళండి అన్నాను. వద్దని తల ఊపి మెట్లు దిగారు.

లక్ష్మీవారం సంతకం అయింది. ఆ సీటు ఒక పట్నం పిల్లకు వెళ్ళింది. ఆమె బాగా చదివింది. ఇప్పుడు విశాఖపట్నంలో పెద్ద ఆస్పత్రిలో చేస్తోంది. ఆమె తప్పు ఏమీ లేదు. మరుసటి ఏడు దరఖాస్తు పెట్టమని జమునకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. చూశావా, నేను రాసింది నిజమే అయింది, ఆసక్తి లేదు, అని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి తనను తాను నమ్మించుకోవడానికి పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఒక్క మాట

మూడేళ్ళ తర్వాత లైబ్రరీ వార్షికోత్సవానికి మాట్లాడమన్నారు. పాత నోటుపుస్తకాలు తిరగేస్తుంటే ఒకదాంట్లో కొండజాతుల పండగల మీద రాసుకున్న పేజీ కనబడింది. చైత్ర పరబు. విత్తనాలు దేవతకు చూపించడం, మగవాళ్ళు వేటకు వెళ్ళడం, ఆడవాళ్ళు దారి కాసి వచ్చేపోయేవాళ్ళ దగ్గర కానుక అడగడం, ఉత్త చేతులతో వచ్చిన వేటగాళ్ళ మీద పేడ చల్లడం, అన్నీ ఉన్నాయి. ఉద్యోగంలో చేరకముందే, ఒక పెద్ద పుస్తకం దగ్గర పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుని ఎక్కించాను. ఒకసారి దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎదురు పేజీలో, తర్వాతెప్పుడో ఖాళీ చూసి రాసుకున్న ముక్క: ఇంటర్వ్యూలు, ఉగాది తర్వాతి ఆదివారం.

రెండు పేజీలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ నేను పుస్తకం మూసినప్పుడల్లా ఒకదాన్నొకటి తాకుతూనే ఉన్నాయి.

మర్నాడే కిందికి వెళ్ళి సావుకారు గారికి చెప్పాను. ఒప్పుకోరనే అనుకున్నాను. మామిడాకులు, పంచాంగం, దాతల పట్టుదల, వీటన్నింటికీ సమాధానాలు సిద్ధం చేసుకున్నాను. ఆయన తూకం రాళ్ళ మీంచి తలెత్తి విన్నారు.

"అయితే వైశాఖంలో పెట్టీ."

"దాతలు ఏమంటారో..."

"ఏటంతారు? పులిహోర అప్పుడూ తినొచ్చు. ఇది నీకు ఎప్పట్నించి తెల్సు?"

నేను తూకం రాళ్ళు సర్దడం మొదలుపెట్టాను.

"నేను సింతపండు అమ్ముకునీవోడ్నయ్యా. నాకు ఆల పండగలు ఎలా తెలుస్తాయి? నువ్వు సదివినోడివి. నువ్వు సెప్పాల."

కదలదని నేను ఏళ్ళ తరబడి అనుకున్న రోజు ఒక్క మాటకే కదిలింది. జమున విషయం అప్పుడైనా ఆయనకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత ఆయన పోయారు.

వైశాఖంలో పెట్టిన మొదటి ఏడే కొండవైపు పిల్లలు మెట్ల నిండా కూర్చున్నారు. బంధుగాం వైపు నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. జంటలు జంటలుగా వచ్చేవారు. ఒక్కొక్కరి చేతిలో పాలిథిన్ కవరు, అందులో మేము అడిగే వరుసలోనే సర్టిఫికెట్లు. అక్కడెవరో మంచి మాస్టారు ఉన్నారనుకున్నాను.

ప్రసూతి గది బయట

నేను రిటైరయ్యాక, కిందటేడు, బంధుగాం ఆస్పత్రిలో ప్రసూతి గదికి ట్రస్టు కొత్త మంచాలు ఇచ్చింది. పాతవాణ్ణని నన్నూ రమ్మన్నారు. శాలువాలు, ఫోటోలు అయ్యాక వరండాలో కూర్చున్నాను. అక్కడి నర్సు మా ట్రస్టు చదివించిన పిల్లే, వైశాఖం మార్పు తర్వాత వచ్చినవాళ్ళలో ఒకతి. నాకు మంచినీళ్ళు ఇస్తూ గేటు వైపు చూసి, "అప్పా, ఇటు తీసుకురా" అని అక్కని పిలిచినట్టు కేకేసింది.

ఆశా కార్యకర్త చీరలో ఉన్న ఒకామె నిండు గర్భిణిని నడిపించుకు వస్తోంది. నర్సు ఆ గర్భిణి భుజం పట్టుకుని, వెంట తెచ్చినామెను చూపిస్తూ నాతో అంది.

"ఈ అప్పే బాబూ నన్ను మీ ఆఫీసుకి తెచ్చింది. నాతోపాటొచ్చిన పిల్లనీ తెచ్చింది. కాయితాలు సర్దీసి, ఏ మాటకి ఏటి సెప్పాలో కూడా సెప్పింది. పైకి రమ్మంటే రాలేదు. గేటు కాడే నిలబడిపోయింది."

గర్భిణిని తీసుకుని నర్సు లోపలికి వెళ్ళింది. ఆ ఆశా కార్యకర్త నా ముందు నిలబడింది. పదిహేనేళ్ళు దాటినా గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

"బాగున్నారా బాబూ? జుత్తంతా తెల్లబడిపోనాది."

"కూర్చో అమ్మీ" అన్నాను. బెంచీ చివర కూర్చుంది. ఏమడగాలో తెలియక, ఎప్పటినుంచో మనసులో ఉన్నదే అడిగాను. "మాయ ఎందుకు పడదో తెలిసిందా?"

నవ్వింది. "తెల్సింది. ఆ పిల్ల సదివొచ్చేక సెప్పింది. పుస్తకం ముందరెట్టి బొమ్మ సూపించింది. రెండ్రోజులు పట్టింది నా బుర్రకి ఎక్కడానికి."

లోపల గర్భిణి మూలుగు వినపడుతోంది. ఆమె తల అటే తిరిగి ఉంది. లేచి వెళ్ళిపోతుందేమోనని, ఇంతకాలం దాచిన మాట గబగబా చెప్పేశాను.

"జమునా, ఆ బుధవారం నీతో అబద్ధం చెప్పాను. జాబితా అవ్వలేదు. నా సొరుగులోనే ఉంది."

"తెల్సు బాబూ."

"ఎలా తెల్సు?"

"సొరుగు సగం తీసే ఉంది కదా. సదివేను. తలకిందులుగా ఉన్నా సదవగలను. సివర్న సంతకం నేదు."

"మరి ఆ రోజే అడగలేదేం?" అన్నాను.

"మా అయ్య అక్కడే అడిగేడు, ఇంకేటైనా మార్గముందేటని. ఉందన్నాను." చీర కొంగు సర్దుకుంటూ లేచింది. "మీరు సెప్తారని సూసేను."

లోపలి నుంచి నర్సు పిలిచింది. ఆమె వెళ్ళింది, తలుపు దగ్గరగా వేసుకుంది. నేను అక్కడే కూర్చున్నాను. ఏళ్ళ తరబడి పుస్తకాలు చదివినవాణ్ణి, నా బల్ల ముందు నిలబడిన పిల్ల కూడా చదువుతోందని ఆ రోజు అనుకోలేదు. మొదట జాబితా చదివింది, తర్వాత నన్ను చదివింది.

ఆ వారమే రాయగడ ట్రస్టు ఆఫీసుకు వెళ్ళి, ఇప్పుడు నా సీట్లో ఉన్న అమ్మాయిని ఆ పాత నివేదిక అడిగాను. కలం తీస్తే, రికార్డు మీద ఏదీ దిద్దకూడదు మాస్టారూ అంది. మీరు పెట్టిన నియమమే కదా అంది కూడా. నిజమే, నేను పెట్టిందే. అయితే కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదటి రోజున దాన్ని చూపించమని చెప్పి వచ్చాను. మీరూ ఎప్పుడైనా వెళ్తే అడగండి, తీసి ఇస్తారు. దస్తూరి బాగుంటుంది. ఒక్క కొట్టివేత కూడా లేదు.